నాచారంలో మూడు పూటల పాట

హైదరాబాదు వెళ్ళొచ్చానని చెప్పగానే మా స్టాఫ్ రూములో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, చార్మినార్ చూశారా అని. చూడలేదు. గోల్కొండ? అదీ లేదు. బిర్యానీ అయినా తిన్నారా? తినలేదు. మరి దసరా సెలవలన్నీ పెట్టుకుని అక్కడేం చేశారండీ అంటే, నాచారంలో ఒకరింటి ముందరి గదిలో కూర్చుని పాటలు విన్నానని చెప్పాను. లెక్కల టీచరుకి మతి చలించిందని అనుకుని ఉంటారు. అనుకోనీండి.

అసలు సంగతి ఇది. బందరులో మా ఇంట్లో ఒక స్టీరియో రిసీవరు ఉండేది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: రేడియో, ఆంప్లిఫైయరు రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి. రికార్డు ప్లేయరునీ, రెండు స్పీకర్లనీ దానికే తగిలించుకోవాలి. డెబ్బైలనాటి జపాను సరుకు. ముందంతా వెండి రంగు పలక, పక్కలకి చెక్క, స్విచ్ నొక్కితే అద్దం వెనక ఆకుపచ్చని వెలుతురు. మావారికి మందుల షాపు. రోజూ పొద్దుగుంకే వేళకి షాపు తమ్ముడికి అప్పగించి ఇంటికొచ్చేవారు. నేను కాఫీ పెట్టేదాన్ని. ఇద్దరం రెండు స్పీకర్లకీ ఎదురుగా కూర్చునేవాళ్ళం. మా సంసారంలో మేమిద్దరం మాట్లాడుకున్నది తక్కువ, పక్కపక్కన కూర్చుని విన్నది ఎక్కువ. ఆ వినడమే మాకు మాట్లాడుకోవడం.

వానాకాలంలో పిడుగు పడి అది కాలిపోయింది. మెకానిక్ బాషా మూత విప్పి వాసన చూసి, "దీనికిక సామాను దొరకదమ్మా" అన్నాడు. కొన్నాళ్ళు ఇద్దరం టీవీ ముందు కూర్చున్నాం. ఆయనకి సీరియల్ గిట్టదు, నాకు వార్తలు గిట్టవు. మెల్లగా ఆయన సాయంత్రాలు ఇంటికి రావడం మానేశారు. పోట్లాట ఏమీ లేదు, రావడానికి పని లేదంతే. నేనొక్కదాన్నే కాఫీ తాగేదాన్ని. అందుకే బాషా ఒకరోజు వచ్చి, "ఉప్పల్లో మా తోడల్లుడున్నాడు కదమ్మా, అక్కడ నాచారంలో ఒకాయన దగ్గర అచ్చం ఇలాంటిదే ఉందట, అమ్ముతాడట" అనగానే రైలెక్కేశాను. మావారు షాపు వదిలి రాలేరు. అయినా ఆయన వస్తే బేరం చెడుతుంది, మొహమాటస్థుడు.

ఉప్పల్ చౌరస్తా

మా పిన్ని కూతురు రమ నాగోలులో ఉంటుంది. పెట్టె అక్కడ పడేసి, భోజనం చేసి, ఉప్పల్ వచ్చాను. రోడ్డు మధ్యంతా తవ్వి రేకులు అడ్డం కట్టారు. మెట్రో రైలు వస్తుందట. స్తంభాలు మాత్రం లేచాయి, వాటి మీద ఇంకా ఏమీ లేదు. మబ్బు పట్టిన ఆకాశం కింద అవి వరసగా నిలబడి ఉంటే ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టే అనిపించింది. నేనూ ఆ వరసలో కాసేపు నిలబడ్డాను.

మా వైపు కాఫీ పడకపోతే తెల్లారదు. ఇక్కడ హోటలు ముందు నిలబడి "హాఫ్ చాయ్" అనాలి. అయిదు రూపాయలకి మూడు గుక్కలు. అంత తియ్యనిది ఎలా తాగుతారో అనుకుంటూనే రెండోది అడిగాను.

నాచారానికి షేర్ ఆటో. పక్కన కూర్చున్నావిడ ఒళ్ళో తంగేడు పూల మోపు. మా ఇళ్ళలో దసరా అంటే బొమ్మల కొలువు, ఇక్కడ పూలనే పేర్చి బతుకమ్మ చేసి ఆడతారు. ఆవిడ నా మాట విని, "ఏ ఊరక్కా మీది?" అంది.

"బందరండీ."

"అంటే ఆంధ్రనా?"

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం నడుస్తున్న ఆ రోజుల్లో ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే కాస్త ఆలోచించాల్సి వచ్చేది. అవునన్నాను. ఆవిడ నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, "జర పట్టుకో" అని సగం మోపు నా ఒళ్ళో పెట్టింది. దిగేటప్పుడు ఒక గుప్పెడు పూలు నాకే వదిలేసింది.

లెక్కలోకి రాని పూట

ఆయన పేరు మల్లేశం. నాచారం ఫ్యాక్టరీల్లో పనిచేసి మానుకున్న మనిషి, ఖాకీ చొక్కా మాత్రం ఇంకా మానలేదు. ఆయన భార్య అంజమ్మ. పాతకాలపు పెంకుటిల్లు, రోడ్డుకి ఆనుకుని ముందరి గది. గోడల మీద ఎర్ర రంగుతో గీత గీసి ఉంది. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, గీత దాకా కొట్టేస్తారు, వెనక మిగిలేది ఉండడానికి చాలదు. ఆ గదిలోనే ఉంది నేను వెతుక్కుంటూ వచ్చింది. అంజమ్మ తమ్ముడు దుబాయి నుంచి తెచ్చిందట. చూడగానే మా ఇంటిదే ఇక్కడికి నడిచొచ్చిందా అనిపించింది.

నేను తొందర మనిషిని. "రేటు బాషా చెప్పాడండీ, నాకు సమ్మతమే. ఇవాళ కట్టేసి ఇస్తే రేపు రైలెక్కుతాను" అన్నాను.

"అట్ల ఇయ్య చెల్లె" అన్నాడు మల్లేశం. "మూడు పూటలు పాడిచ్చి సూసుకోవాలె. అప్పుడే ఇస్త."

"మూడు పూటలా? ఎందుకండీ?"

"మాది బర్రెలిల్లు. ఈ రోడ్డు సగం మా నాయిన కొట్టమే. బర్రెను కొననీకి వచ్చినోళ్లు మా ఇంట్లనే తిని పండి, మూడు పూటలు వాళ్ల చేతులతోని పిండి సూసుకున్నంకనే తోల్కపొయ్యేటోళ్లు. ఒక్క పూట ఏ బర్రెయినా మంచిగనే ఇస్తది. మూడో పూటకు దాని గుణం తెలుస్తది. మొన్న పాత సామాన్ల షాపోడొకడు వచ్చిండు. ఒక్క పూట గూడ కూసోడట. ఇయ్యనన్న."

"ఇది బర్రె కాదు కదండీ."

"కాదు వదినె. దీనికి గడ్డి గూడ ఎయ్యనవసరం లేదు" అంది అంజమ్మ.

మా కృష్ణా జిల్లాలో గేదెను కొనాలంటే పళ్ళు చూసి, పొదుగు చూసి, గట్టిగా బేరమాడి తోలుకుపోతారు. కొన్నవాడికి తంటా, అమ్మినవాడికి నిద్ర. ఇక్కడేమో అమ్మేవాడే కూర్చోబెట్టి పరీక్ష పెట్టించుకుంటున్నాడు. తలుపు వెనక మేకుకి పాత తాళ్ళు కొన్ని వేలాడుతున్నాయి. అవేమిటని అడిగాను.

"అమ్మిన బర్రెల తాళ్లు" అంది అంజమ్మ. "బర్రెనిస్తం గని తాడియ్యం. తాడు గూడ పోతే కొట్టం ఖాళీ అయితదంటరు. కొన్నోళ్లు వాళ్ల తాడు వాళ్లు తెచ్చుకోవాలె."

దీపాలు పెట్టే వేళయింది. అంజమ్మ దేవుడి దగ్గర దీపం వెలిగించి, చేతులు కడుక్కుని వచ్చి, రిసీవరు స్విచ్ నొక్కింది. ఆకుపచ్చ వెలుతురు గోడ మీద పాకింది. ట్యూనింగు నాబ్‌ను వేలితో ఒక్కసారి తిప్పి వదిలేస్తే ముల్లు తనంతట తనే జారుకుంటూ పోయి, స్టేషను దగ్గర మెల్లగా నిలిచింది. అదెంత బాగుంటుందో చూసినవాళ్ళకే తెలుస్తుంది. పాత పాట ఏదో పల్లవి అందుకుంది. నేను కళ్ళు మూసుకున్నాను. నాచారం లేదు, బందరు లేదు, లారీల మోత ఎక్కడో వెనక్కి పోయింది.

చరణంలోకి వచ్చేసరికి కరెంటు పోయింది.

చీకట్లో మల్లేశం గొంతు వినిపించింది. "ఈ పూట లెక్కలకు రాదు చెల్లె."

మొదటి పూట

మర్నాడు పొద్దున వెళ్ళేసరికి అంజమ్మ సర్వపిండి చేసి ఉంచింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కరివేపాకు వేసి గిన్నె లోపలే అద్ది కాలుస్తారు. మా తపాలచెక్కకి ఇది అక్కగారు. వేడి వేడిగా మూడు ముక్కలు తిన్నాను, మొహమాటం లేకుండా.

ఈసారి కరెంటు ఉంది. మల్లేశం కుడి స్పీకరుకి దగ్గరగా తన కుర్చీ వేసుకున్నాడు. నాకు మధ్యలో వేశాడు. రెండు పాటలయ్యేసరికి నాలోని లెక్కల టీచరు నిద్ర లేచింది. కుడివైపు నిండుగా పలుకుతోంది, ఎడమవైపు నీరసంగా ఉంది. అనుమానం వచ్చాక పాట చెవికెక్కదు. ఇంత దూరం వచ్చింది దెబ్బతిన్న సరుకు కోసమా అని దిగులేసింది. నోరు ఊరుకోదు కదా.

"ఎడమ స్పీకరు తక్కువ పలుకుతోందండీ" అన్నాను.

మల్లేశం నా వైపు తిరిగాడు. "తక్కువనా? నాకు రెండు దిక్కుల మంచిగనే వినొస్తుంది గద."

వంటింటి గుమ్మంలో ఉన్న అంజమ్మ గబగబా చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "వదినె, నేను చెంగిచెర్లకు పోతున్న. ఇంట్ల కూసొని ఏం జేస్తవు, నువ్వు గూడ రా" అంది. పిలవడం కాదు, చెయ్యి పట్టుకుని లేవదీసింది.

చెంగిచెర్ల

ఆటోలో ఉప్పల్ దాటి, బోడుప్పల్ మీదుగా వెళ్ళాం. దారి పొడుగునా కొత్త ఇళ్ళు, వాటి మధ్య ఇంకా మొండిగా మిగిలిపోయిన రాళ్ళ గుట్టలు, ప్లాట్లకి పాతిన తెల్ల రాళ్ళు. ఒకచోట జొన్న చేను, దాని పక్కనే నాలుగంతస్తుల ఇల్లు. ఎండ మెత్తగా ఉంది. ఆటో కుదుపులకి నాకు కునుకు పట్టింది.

అంజమ్మ తమ్ముడి ఇంటి మేడ మీద ఒకటే గది. ఇల్లు కొట్టేశాక వాళ్ళుండబోయేది అక్కడే. ఆమె మూరలతో గోడలు కొలిచింది. ఇక్కడ మంచం, ఇక్కడ బీరువా, ఇక్కడ పొయ్యి. కొలవడం అయిపోయాక గదిలో ఇద్దరం నిలబడడానికే చోటు మిగిలింది.

"అది ఎక్కడ పెడ్త చెప్పు" అంది. "స్పీకర్లు తమ్ముడు తీస్కుంటనన్నడు. అది మాత్రం తెలిసినోళ్ల చేతుల పడాలె అన్నడు ఆయన."

తర్వాత కిటికీ చువ్వ పట్టుకుని నిలబడి, నా వైపు చూడకుండా చెప్పింది.

"నీ మిషన్ల ఏం దోషం లేదు వదినె. ఆయనకే ఎడమ చెవి పోయింది. ఫ్యాక్టరీల సప్పుడుకు. అడిగితె ఒప్పుకోడు, కోపం జేస్తడు. అందుకే రోజు దుమ్ము తుడిసినట్టు జేసి, ఆ చిన్న గుండీ కుడి దిక్కుకు తిప్పి పెడ్త. రెండు దిక్కుల వినొస్తుందనుకుంటడు. నువ్వు ఆయన ముందట దాన్ని నడుమకు తిప్పకు."

ఆమె చెబుతున్న చిన్న గుండీ బ్యాలెన్స్ నాబ్. శబ్దాన్ని ఒక స్పీకరు నుంచి ఇంకో స్పీకరు వైపుకి జరిపేది. మా ఇంట్లో దాన్ని ఎవరూ ముట్టుకున్న గుర్తే లేదు.

నా సాయంత్రాలు నాకు తెచ్చుకుందామని వచ్చి, ఇంకొకరి సాయంత్రాలు మూట కట్టుకుపోతున్నానన్నమాట. "మరి మీకెలా?" అన్నాను.

"చిన్న రేడియో ఉన్నది. కుడి దిక్కు పెడ్త" అంది.

రెండో పూట

ఆ సాయంత్రం నేను పాట వినలేదు, అంజమ్మ చేతినే చూశాను. దీపం పెట్టింది. చేతులు కడుక్కుంది. కొంగుతో పలక మీద దుమ్ము తుడిచింది. కొంగు మాటున ఆమె వేళ్ళు ఆ నాబ్ మీద ఒక్క క్షణం ఆగాయి. మల్లేశం కిటికీ బయటికి చూస్తున్నాడు.

పాట నడుస్తుంటే ఆయన మోకాలి మీద తాళం వేశాడు. ఒక్క దెబ్బ తప్పిపోలేదు. అంజమ్మ గుమ్మానికి ఆనుకుని గుడాలు తింటోంది. మేం గుగ్గిళ్ళంటాం. నా చేతిలోనూ ఒక గిన్నె పెట్టింది. ఎండు మిరపకాయలు వేయించి కలిపిన అలసందలు. తింటూ, వింటూ, ఆకుపచ్చ వెలుతురు చూస్తూ, మా ఇంట్లోనే ఉన్నానా అని కాసేపు నాకు తెలియలేదు. పక్కన మావారు లేకపోవడం ఒక్కటే తేడా.

"రెండు దిక్కుల మంచిగున్నదా చెల్లె?" అన్నాడు మల్లేశం.

"బ్రహ్మాండంగా ఉందండీ" అన్నాను. తప్పు లెక్కకి అర మార్కు కూడా వెయ్యని మనిషిని నేను.

రమ ఇంటికి చేరగానే మావారు ఫోను చేశారు. "దొరికిందా?"

"దొరికింది. రేపింకో పూట వినాలి."

"ఆహా" అన్నారు. ఆయన అంతకన్నా మాట్లాడరు. పెట్టేస్తారనుకున్నాను. పెట్టలేదు. "ఇవాళ సాయంత్రం ఇంటికొచ్చాను. స్పీకర్ల మీద దుమ్ము పేరుకుంది, తుడిచాను" అన్నారు.

మూడో పూట

మర్నాడు బంద్. ఆటోలు లేవు, బస్సులు లేవు. "వెళ్ళకక్కా, వెళ్తే మాత్రం నోరు విప్పకు, నీ యాస పట్టేస్తారు" అంది రమ. నోరు విప్పకుండా నేనెప్పుడున్నాను? నడిచి బయల్దేరాను.

ఉప్పల్ రోడ్డును ఆ రోజు చూడాలి. దుకాణాలన్నీ మూత. స్తంభాల కింద కుక్కలు హాయిగా పడుకున్నాయి. నా చెప్పుల చప్పుడు నాకే వినిపిస్తోంది. చౌరస్తాలో జెండాలు పట్టుకుని నడిరోడ్డు మీద కూర్చున్నవాళ్ళలో ఒకాయన, "ఇయ్యాల ఎక్కడికమ్మా?" అన్నాడు.

"పాటలు వినడానికి నాచారం వెళ్తున్నానండీ."

వాళ్ళు మొహమొహాలు చూసుకుని నవ్వారు. "పో తల్లీ, మస్తు ఎండున్నది, నీళ్లు తాగి పో" అని సీసా ఇచ్చాడు.

నాచారం చేరేసరికి కాళ్ళు పీకుతున్నాయి. అంజమ్మ అన్నం పెట్టింది. పచ్చిపులుసు, పప్పు. మా పప్పుచారులా మరగబెట్టరు, చింతపండు పులుసులో పచ్చి ఉల్లిపాయలు, మిరపకాయలు కలిపేస్తారు. నడిచొచ్చిన ఒంటికి అది చల్లగా దిగింది.

తర్వాత ముగ్గురం కూర్చున్నాం. రోడ్డు మీద ఒక్క లారీ లేదు. నేను ఇన్నేళ్ళలో అంత నిశ్శబ్దంలో ఒక రిసీవరును వినలేదు. వీణ వస్తోంది. తీగ మీద వేలు జారిన చప్పుడు కూడా వినిపించింది. గది గోడల మీది ఎర్ర గీత, మేకుకి వేలాడే తాళ్ళు, మల్లేశం మోకాలి మీది వేళ్ళు, అన్నీ ఆ వెలుతురులో తేలుతున్నట్టున్నాయి. ఈ గది ఇంక కొన్నాళ్ళే ఉంటుందని గుర్తొచ్చి నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

వీణ ఆగగానే చెప్పేశాను. "నేను తీసుకెళ్ళనండీ. ఇది మీ దగ్గరే ఉండాలి. చెంగిచెర్లలో మంచం తీసేసి అయినా దీన్ని పెట్టుకోండి."

మల్లేశం తల దించుకున్నాడు. అంజమ్మ మాత్రం లేచి నా ముందుకొచ్చింది. ఆమెకి కోపం రావడం అప్పుడే చూశాను.

"ఏంది వదినె నువ్వు జేసేది? ఒక్క పూట సూసి ఇడిసిపెట్టి పోతే పోనియ్యి అనుకుంటం. మూడు పూటలు పిండి, మా ఇంట్ల తిని, ఒట్టి చేతులతోని పోతే ఏమన్నట్టు? బర్రెకు వంకున్నదన్నట్టు. మా ఇంటి బర్రెకు వంకున్నదని ఇంతవరకు ఎవ్వలనలే."

"అది కాదు వదినా..."

"నువ్వు తీస్కపోకుంటే రేపు షాపోడు తీస్కపోతడు. వాడు మూత పీకి ముక్కలు అమ్ముకుంటడు. మీ ఇంట్ల అయితే సందేళ పాడుతది. మీ ఆయన కూసుంటడు, నువ్వు కూసుంటవు. అంతే గద మాక్కావాల్సింది."

సంచీలోంచి డబ్బు తీసి మల్లేశం చేతిలో పెట్టాను. అంజమ్మ రిసీవరు వెనక నుంచి ఏరియల్ తీగను విప్పింది. కిటికీలోంచి దూలం దాకా కట్టిన పొడుగాటి రాగి తీగ అది. దాన్ని మోచేతికి చుట్టచుట్టి, తీసుకెళ్ళి తలుపు వెనక మేకుకి, ఆ తాళ్ళ పక్కన తగిలించింది. చెక్క మీద పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది.

పొద్దు వాలాక ఆటోలు తిరగడం మొదలైంది. మల్లేశం రిసీవరును దుప్పటిలో చుట్టి, మోసుకొచ్చి, ఆటోలో నా పక్కన పెట్టాడు. అంజమ్మ గుమ్మం దగ్గరే ఉండిపోయింది. ఆయన లోపలికి వంగి, దుప్పటి సర్దుతూ మెల్లగా అన్నాడు.

"ఇంటికి పోయినంక గా బ్యాలెన్స్ గుండీ నడుమల పెట్టుకో చెల్లె. అంజమ్మ నా కోసం తిప్పుతది. నాకు తెల్వదనుకుంటది."

నేను ఆయన మొహంలోకి చూశాను. "మీకు తెలుసా? ఎప్పటినుంచి?"

"తిప్పిన మొదటి దినం నుంచే."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే తిప్పుడు బంద్ జేస్తది గద" అన్నాడు, ఆటో మీద తట్టి.

బందరు

రైల్లో దాన్ని సీటు కింద పెట్టి, కాళ్ళు దానికి ఆనించి కూర్చున్నాను. ఎదురు సీటావిడ టీవీనా అని అడిగింది. బర్రె అన్నాను. ఆవిడ మళ్ళీ మాట్లాడలేదు.

మావారు స్టేషనుకి వచ్చారు. ఆయన స్టేషనుకి రావడం పెళ్ళయిన కొత్తలో చూశాను, మళ్ళీ ఇప్పుడు. ఇంటికెళ్ళి తీగలు తగిలించి స్విచ్ నొక్కారు. నేను కాఫీ తెచ్చాను. మా గోడ మీద ఆకుపచ్చ వెలుతురు పాకింది. కాసేపు విని, "ఎడమవైపు తక్కువగా ఉందే" అని నాబ్ మీద చెయ్యి వేశారు. అప్పుడు చెప్పాను మూడు పూటల కథంతా. అంతసేపు నేను మాట్లాడుతుంటే ఆయన వినడం కూడా ఈ మధ్య లేదు. విని, నాబ్ మీద నుంచి చెయ్యి తీసేశారు. ఆ సాయంత్రం అలాగే విన్నాం. మర్నాడు నడిమికి తిప్పుకున్నాం.

దీపావళి దాటాక ఒకరోజు, మేమిద్దరం పాట వింటూ కూర్చుని ఉండగా ఫోను మోగింది. అంజమ్మ. చెంగిచెర్ల నుంచి.

"పాలెట్ల ఇస్తున్నది వదినె?"

"రెండు పూటలా ఇస్తోంది."

"ఈయనకు ఒక్కసారి వినాలనున్నదట. జర ఫోన్ చెయ్యమన్నడు."

"నేనెక్కడన్న?" వెనక నుంచి మల్లేశం గొంతు. "నీకే మనసయింది."

"మీ మనసులు మీరు తేల్చుకోండి, నేను ఫోను పాట దగ్గర పెడుతున్నా" అని లేచి స్పీకర్ల దగ్గరికి వెళ్ళాను. ఏ స్పీకరు దగ్గర పట్టుకోవాలో తోచక ఒక్క క్షణం మధ్యలో ఆగాను. మావారు నన్ను చూశారు. ఫోనులో కుడీ ఎడమా తేడా ఉండదని ఆయనకీ తెలుసు. అయినా కాఫీ గ్లాసు కింద పెట్టి, లేచి వచ్చి, ఆ చిన్న నాబ్‌ను మెల్లగా కుడివైపుకు తిప్పారు.